చిలకల మహలుకు సున్నం

పెనుకొండ బస్టాండులో దిగి నిలబడితే చాలు, చరిత్ర చెప్పేవాళ్ళు చుట్టూ మూగుతారు. ఆటోవాడు చెప్తాడు, టీ కొట్టువాడు చెప్తాడు, ఏమీ తెలియనివాడు అందరికంటే ఎక్కువ చెప్తాడు. రాయలవాళ్ళు వేసవికి ఇక్కడికే వచ్చేవాళ్ళంటారు, ఏడాదికి ఎన్ని రోజులో ఊళ్ళో అన్ని గుళ్ళు ఉండేవంటారు. నాకూ ఆ జబ్బు ఉంది. దర్గా వీధిలో ముప్ఫై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపినవాణ్ణి, నా పేరు బాబావలి. కానీ కొండ కింద కంపచెట్ల మధ్య ఉన్న చిలకల మహలు గురించి అడిగితే మాత్రం నాకు రాజులెవరూ గుర్తుకు రారు. కుళ్ళాయమ్మ గుర్తుకొస్తుంది.

మహలు అనేది పెద్ద మాట. మూడు గదులు, ముందు ఒక వసారా, వాకిలి మీద వరసగా తొమ్మిది గార చిలకలు. అందులో రెండింటికి తలలు లేవు. దాన్ని కాపలా కాసే పని మొదట కుళ్ళాయమ్మ మొగుడు సంజీవప్పది. పురావస్తు శాఖలో దినకూలీ నౌకరీ. తొంభై రెండులో విషజ్వరం వచ్చి ఆయన పోయాడు. పదకొండో దినం దాటకముందే ఆఫీసు మనిషి తాళంచెవి అడగడానికి వచ్చాడు. ఆమె కొంగు ముడి చూపించి, "ఈడ కట్టుకోని ఉండా. చెవి కావాలంటే నన్ను గూడా తీసుకోనిపో," అంది. వచ్చినవాడు మెత్తని మనిషి. వెనక్కిపోయి ఏం చెప్పుకున్నాడో ఏమో, మరుసటి నెల నుంచి ఆ కూలీ ఆమె పేరు మీద వచ్చింది.

కుళ్ళాయమ్మ పుట్టిల్లు గుడిబండ పక్క. తెలుగు ఎంతో కన్నడమూ అంతే. బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళకు కన్నడంలో, కర్నూలు నుంచి వచ్చినవాళ్ళకు తెలుగులో ఒకే కథ చెప్పేది. ఇక్కడ రాణి కూచునేది, అక్కడ చిలకలకు జామపండ్లు పెట్టేది, ఈ కిటికీలోంచి కొండ మీది దీపం చూసేది. "ఏ రాణి అవ్వా?" అని ఎవరైనా గట్టిగా అడిగితే, "రాణికి పేరెందుకప్పా, రాణంటే రాణే," అని కసిరేది. ఆమెకు ఏడాది అంటే నెలలు కాదు, వచ్చే జనం. శివరాత్రికి లేపాక్షి పోయేవాళ్ళు ఇటు తొంగిచూసి పోతారు. కదిరి తేరు అయిపోయాక ముసలివాళ్ళు వస్తారు. వేరుశనక్కాయలు అమ్ముకున్నాక పల్లెలవాళ్ళు పిల్లలతో వస్తారు. వీళ్ళందరికంటే ఎక్కువ జనం మా వీధి దర్గాలో బాబయ్య ఉరుసుకు వస్తారు. ఆ ఉరుసు ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది కాబట్టి, ఒకప్పుడు వానలో తడిసినవాళ్ళను, ఒకప్పుడు ఎండకు సోలినవాళ్ళను ఆమె వసారాలో కూచోబెట్టేది.

నోరు మాత్రం మంచిది కాదు. చెప్పులతో అడుగు పెడితే తిట్టేది. హిందూపురం నుంచి కాలేజీ కుర్రవాళ్ళు వచ్చి గోడల మీద బొగ్గుతో, ఇటికముక్కతో ప్రేమపేర్లు రాసిపోయేవాళ్ళు. వాళ్ళు దొరికితే చొక్కా పట్టుకునేది. "మీ నాయన కట్టించినాడా ఈ గోడ? పేరు రాసుకోవల్లంటే మీ ఇంటి గోడకు రాసుకో పో!" అని ఆమె అరిస్తే నా స్టూడియో దాకా వినిపించేది. కొత్తగా పెళ్ళయినవాళ్ళను మహలు మెట్ల మీద నిలబెట్టి నేను ఫోటోలు తీసేవాణ్ణి. అందుకే ఆమె నోటికి నేనూ చాలాసార్లు దొరికాను.

ఆమెకు ఉన్న ఆశ ఒక్కటే, పర్మినెంటు కావడం. కూతురు ముత్యాలమ్మను ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ళింటికి ఇచ్చింది. అల్లుడు మంచివాడు. "మా ఇంటికాడ ఉండిపో అత్తా, మగ్గానికి కండెలు చుట్టుకుంటా కూచో," అని ఎన్నోసార్లు పిలిచాడు. పోయి రెండు రోజులుంటే మూడోరోజు బస్సెక్కేది. దినకూలీ అంటే ఎప్పుడైనా ఎవరైనా వచ్చి తాళంచెవి ఇమ్మనవచ్చు. పర్మినెంటు అయితే ఎవరూ అడగరు. పదిహేడేళ్ళు ఆమె ఎదురుచూసింది ఆ ధైర్యం కోసమే.

రెండువేల తొమ్మిది మార్చిలో ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆమెకు చదువు రాదు, నా దగ్గరికి తెచ్చింది. ఉగాది మరునాడు పెద్దాఫీసరు ఎస్తేరు మేడం తనిఖీకి వస్తారు, కట్టడాన్ని శుభ్రంగా ఉంచాలి, దినకూలీల పర్మినెంటు సంగతి కూడా అప్పుడే చూస్తారు. అంతే అందులో ఉన్నది. నేను చదివింది చదివినట్టు చెప్పి ఊరుకుంటే బాగుండేది.

"శుభ్రంగా అంటే ఎట్లబ్బా?" అని అడిగింది.

"ఎట్లంటే ఏముందక్కా, పండగకు మనిల్లు పెట్టుకున్నట్ల," అన్నాను.

మా పక్క ఉగాది అంటే ముందు సున్నం, తర్వాతే పచ్చడి. ఎంత లేనివాళ్ళయినా ఇంటికి సున్నం కొట్టి, మోకాలెత్తున జాజుతో ఎర్రటి పట్టీ తీస్తారు. ఉగాదికి సున్నం పడని ఇల్లు కనబడితే ఆ ఏడు ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. కుళ్ళాయమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఉన్నట్టుండి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పదిహేడేండ్లు నా ఇంటికి కొట్టుకుంటి, ఆయమ్మ ఇంటికి కొట్టకపోతి. రాణి ఇల్లు మైలపడిన కొంప మాదిరి పెట్టినాం గదప్పా!" అంది.

నాకూ నిజమే అనిపించింది. దాచడమెందుకు, తెల్లటి గోడ ముందు పెళ్ళికూతుళ్ళ ఫోటోలు ఎంత బాగా వస్తాయో కూడా అనిపించింది. హిందూపురం నుంచి రెండు మూటల సున్నపురాళ్ళు తెప్పించాం. నూనెడ్రమ్ములో నీళ్ళు పోసి వేస్తే కుతకుత ఉడికింది. తెల్లదనం కోసం చిటికెడు నీలిమందు వేసింది. బంక కూడా కలిపితే సున్నం బట్టలకు అంటదని నేను చెప్పాను. ఆమె ఎగిరిపడింది. "బంక అంటే తోళ్ళు ఉడకేసిందే గదా? రాణి తిరిగిన గోడకు చచ్చిన గొడ్డు తోలు పూస్తామా?" అంది. పోనీలే అన్నాను. కిత్తనార కుంచెలతో నాలుగు రోజులు, నిచ్చెన మీద నేను, కింద ఆమె. బొగ్గురాతలు, ఇటికరాతలు, ప్రేమికులు అందరూ సున్నం కిందికి పోయారు. ఆఖరి రోజు జాజు పట్టీ తీసింది. చిలకలకు ఆకుపచ్చ వేద్దామన్న తెలివి మాత్రం నాదే. తలలు లేని రెండింటికి కూడా వేశాం.

ఉగాది పొద్దున ఆమె కొత్తచీర కట్టుకుని మహలు ఎదురుగా నిలబడింది. "ఇప్పుడు మనుషులుండే ఇల్లు మాదిరి ఉండాది," అంది. నేను ఫోటో తీశాను. ఇల్లలకగానే పండగ కాదన్న సంగతి మర్నాడు తెలిసింది.

ఎస్తేరు మేడం జీపు దిగి, నాలుగడుగులు వేసి, ఆగిపోయింది. యాభై ఏళ్ళ మనిషి, సన్నగా ఉంది. మహలు వైపు చూస్తూనే మెట్టు మీద కూలబడింది. సంతోషం పట్టలేక కూచుందనుకుని నేను కెమెరా సర్దుకున్నాను.

"ఇది ఎవరు చేసినారు?" అంది నెమ్మదిగా.

"నేనే మేడం," అంది కుళ్ళాయమ్మ, తాళంచెవి సవరించుకుంటూ. "ఆఫీసు దుడ్లు ఒక్కటి గూడా ముట్టలేదు."

వెంట వచ్చిన గుమాస్తా అరవడం మొదలుపెట్టాడు. నాలుగు వందల ఏళ్ళ కట్టడం అన్నాడు, కేసు అన్నాడు, ఇంత పని చేసినదానికి ఉద్యోగమొకటా అన్నాడు. కుళ్ళాయమ్మ మొహంలో రంగు పోయింది. కానీ నోరు పోలేదు. "పండగనాడు ఇంటికి సున్నం కొడితే కేసు పెడతారా? యాడన్నా ఉండాదా ఈ న్యాయం?" అని ఎదురు తిరిగింది.

మేడం చెయ్యెత్తి ఇద్దరినీ ఆపింది. "చూడమ్మా, ఈ గోడ వయసు కనపడితేనే దానికి విలువ. నీ మొహంలో ముడతలున్నాయి. వాటిమీద సున్నం పూస్తే నువ్వు నువ్వులాగా ఉంటావా?"

"పండగనాడు మొగం కడుక్కోకుండా గూడా ఉండను గదా మేడం," అంది కుళ్ళాయమ్మ. అని, ఒక్కసారిగా ఏడ్చేసింది. ఆ ఏడుపు చూసి గుమాస్తా కూడా తగ్గాడు. నేను ముందుకుపోయి, సలహా నాదేనని, చిలకలకు రంగు కూడా నాదేనని ఒప్పుకున్నాను.

మేడం గోడ దగ్గరికి వెళ్ళి వేలితో రాసి చూసింది. వేలికి తెల్లగా అంటుకుంది. "బంక కలిపినారా?" అని అడిగింది.

"లేదు మేడం," అన్నాను. ఎందుకు కలపలేదో కూడా చెప్పాను. ఆమె మొదటిసారి కొంచెం నవ్వింది. బంక పడి ఉంటే ఈ జన్మలో వదిలేది కాదట. ఇది ఉత్త సున్నం కాబట్టి నీళ్ళతో నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడిస్తే వస్తుంది. ఇనుము తగలకూడదు, గీకకూడదు, నిమ్మకాయ చింతపండు లాంటి పులుపు వాడకూడదు. పైనుంచి కిందికి, అరచేతి వెడల్పున, ఓపికగా. "నాకు ఎలక్షన్ డ్యూటీ ఉంది. ఉరుసు అయిపోయే రోజు మళ్ళీ వస్తాను. గార చెక్కు చెదరకుండా సున్నం పోయిందా, పర్మినెంటు కాగితంలో నీ గురించి మంచిగా రాస్తాను. లేదంటే తాళంచెవి తీసుకోక తప్పదు," అని చెప్పి జీపెక్కింది. జీపు కదులుతుండగా గుమాస్తా, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అని మాకు వినిపించేట్టే అన్నాడు.

ఉరుసు రెండు నెలల దూరంలో ఉంది. రెండు నెలలూ మండు వేసవే. మా ఊళ్ళో ఎండాకాలం నీళ్ళంటే అయిదు రోజులకొకసారి వచ్చే ట్యాంకరు. ఇంటికి ఎనిమిది బిందెలు. కుళ్ళాయమ్మ తన ఎనిమిదింట్లో ఆరు గోడకు పోసి, రెండింటితో అయిదు రోజులు గడిపేది. నేను నా వాటా తెచ్చేవాణ్ణి, మా ఇంట్లో బుడన్‌బీ చేత మాటలు పడి. బుడన్‌బీ నా భార్య. తిట్టి తిట్టి చివరికి తనే ఒక బిందె నెత్తిన పెట్టుకుని వచ్చింది. సున్నం కొట్టడానికి నాలుగు రోజులు పట్టింది. తీయడానికి కూచుంటే నెల రోజులకు ఒక గదిలో రెండు గోడలు తేలాయి.

గుడ్డలు కూడా తిప్పలే పెట్టాయి. ఎంత పాత చీర అయినా తడిగోడకు గరుకే. ఆ సంగతి ముత్యాలమ్మకు తెలిసింది. ధర్మవరం నుంచి ఒక సంచి నిండా పట్టుదారం చెత్త తెచ్చి తల్లి ముందు పెట్టింది. మగ్గం దగ్గర తెగిపోయి పారేసే పోగులు. ఉండచేసి నీళ్ళలో ముంచి రుద్దితే పసిపిల్ల చెంపకు కూడా గీత పడదు. ఆ రోజు ముత్యాలమ్మ కూడా మాతో గోడ తుడిచింది. సాయంత్రం బస్సెక్కేముందు, "ఇంక చాలమ్మా, తాళం వాళ్ళ మొగాన పారేసి మాతో రా," అంది. కుళ్ళాయమ్మ తలెత్తలేదు. "చేసింది నేను. కడిగేది గూడా నేనే. అది అయినాక చూస్తాం," అంది.

మే నెలాఖరుకు రెండు గదులు, వసారా అట్లాగే ఉన్నాయి. ఆ వారం ట్యాంకరు రానే లేదు. ఆమె గొంతుకు తడి లేకుండా గోడకు ఆనుకుని కూచుంటే చూడలేకపోయాను. ఫోటోల కోసం ఆ గోడను తెల్లగా కోరుకున్న నన్ను నేను తిట్టుకున్నాను.

అట్లాంటప్పుడు ఉరుసు మొదలైంది. దర్గా చుట్టూ పందిళ్ళు లేచాయి. బెంగళూరు, బళ్ళారి, కర్నూలు, ఇంకా తమిళదేశం నుంచి జనం దిగారు. వచ్చేవాళ్ళ కోసం దాతలు రోజూ ట్యాంకర్లు తెప్పిస్తారు, బసకు ఇన్ని బకెట్లని పోయిస్తారు. ఏడాదిలో మా ఊళ్ళో నీళ్ళు కళ్ళపడేది ఆ కొన్ని రోజులే. గంధం ఊరేగింపు ముందురోజు, మహలు చూద్దామని ఒక పెద్ద గుంపు వచ్చింది. లోపలికి పోబోతుంటే కుళ్ళాయమ్మ వాకిట్లో అడ్డంగా కూచుంది.

"ఏమవ్వా, టికెట్టా?" అని ఒకాయన జేబులో చెయ్యి పెట్టాడు.

"దుడ్లొద్దు. టికెట్టు చెంబెడు నీళ్ళు," అంది.

వాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. "తాగేటివి తేవద్దండి, పాపం తగులుతాది. పొద్దున మీరు మొగం కడుక్కుంటారే, దాంట్లో ఒక చెంబు తక్కువ పోసుకోండి. నేను తెలీక ఈ గోడలకు సున్నం కొట్టినా. ఉరుసు అయిపోయేలోపల కడక్కపోతే నన్ను తీసేస్తారు," అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అంతవరకు ఎవరి ముందూ తన తప్పు ఒప్పుకున్న మనిషి కాదు ఆమె.

మొదట ఒక ఆడామె వెనక్కి పోయి నిజంగానే చెంబు తెచ్చింది. ఆమె వెంట ఇద్దరు. సాయంత్రానికి ఆటోవాళ్ళకు తెలిసిపోయింది. ఆ మాట వాళ్ళే ఊరంతా తిప్పారు. "చిలకల మహలు, టికెట్టు చెంబెడు నీళ్ళు!" అని దర్గా ముందు కేకలేసి ఎక్కించుకున్నారు. మర్నాడు పొద్దున వసారా ముందు వరస. ఇత్తడి చెంబులు, ప్లాస్టిక్ మగ్గులు, ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు. నీళ్ళు ఇచ్చినవాళ్ళు ఊరికే పోలేదు. పట్టు ఉండ అడిగి తీసుకుని తలా ఒక అరచేయంత గోడ తుడిచారు. ఎవరైనా గోరు తగిలిస్తే కుళ్ళాయమ్మ తిట్టేది. కన్నడంలో, తెలుగులో, తనకు రాని ఉర్దూలో కూడా తిట్టేది. తిట్లు తింటూనే జనం నవ్వుకుంటూ తుడిచారు. సున్నంతోపాటు దాని కింద ఉన్న బొగ్గురాతలు, ఇటికరాతలు కూడా కరిగిపోయాయి. అంత శుభ్రంగా ఆ గోడలు నేనెప్పుడూ చూడలేదు. ఆ అయిదు రోజుల్లో నేను తీసినన్ని ఫోటోలు నా జన్మలో తీయలేదు. ఒక్కదానికీ డబ్బు తీసుకోలేదు.

ఉరుసు ఆఖరి రోజు మధ్యాహ్నం ఎస్తేరు మేడం వచ్చింది. అప్పటికి చిలకలు కూడా అయిపోయాయి. ఒక ముక్కు సందులో మాత్రం పచ్చ మిగిలింది. వాకిలి తలుపు వెనక ఒక మూల మాత్రమే తుడవాల్సి ఉంది. ఆమె ప్రతి గోడా తడిమింది. వంగి చూసింది, టార్చి వేసి చూసింది. కుళ్ళాయమ్మ ముడి విప్పి తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడింది. ఇవ్వడానికో, ఇవ్వకపోవడానికో నాకు తెలియలేదు.

లోపలి గదిలో మేడం ఆగి, "ఇటు రామ్మా," అని పిలిచింది. మేము కొట్టిన సున్నం పోయిన చోట, దాని కింద ఇంకొక సున్నం ఉంది. పాతది, ఇన్నాళ్ళూ మురికి కింద మాకు కనబడనిది, రాయిలా గట్టిపడింది. మోకాలెత్తున సన్నగా, వెలిసిపోయిన ఎర్రటి గీత. గది చుట్టూ తిరిగి వచ్చింది.

"ఇది మీరు తీసింది కాదు కదా?"

"కాదు మేడం. మాది ఎప్పుడో పాయ," అన్నాను.

"ఎన్నేళ్ళ కిందటిదో చెప్పలేను. వందేళ్ళో, రెండొందలో. ఎవరో ఇక్కడ సున్నం కొట్టి జాజు పట్టీ తీసినారు," అంది మేడం.

కుళ్ళాయమ్మ ఆ గీత మీద, తాకీ తాకకుండా, వేలు పెట్టింది. "ఉగాదికే తీసింటాది," అంది.

మేడం చాలాసేపు నవ్వింది. తర్వాత తలుపు వెనక మిగిలిన మూల దగ్గరికి పోయి, పట్టు ఉండ తీసుకున్న కుళ్ళాయమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇది తుడవద్దు. జానెడు అట్లనే ఉండనీ."

"ఎందుకు మేడం? నా తప్పు అందరూ సూడల్లనా?" అంది కుళ్ళాయమ్మ కోపంగా.

"తప్పు అని కాదమ్మా. ఏం జరిగిందో గుర్తుకు ఒక ముక్క ఉంచడం మా పద్ధతి. ఆ లోపలి గీత ఎవరిదో మనకు తెలీదు. ఇది ఎవరిదో తెలుసు. పుస్తకంలో రాసుకుంటాను." మేడం సంచిలోంచి రిజిస్టరు తీసి, తేదీ వేసి, పేరు రాసింది. రాసింది చదివి వినిపించింది. గోడల మీద పేర్లు రాసినవాళ్ళను పదిహేడేళ్ళు తరిమిన మనిషి, తన పేరు విని, తాళంచెవిని మెల్లగా మళ్ళీ కొంగున ముడివేసుకుంది.

పర్మినెంటు ఆర్డరు డిసెంబరులో వచ్చింది. నా దగ్గరికే తెచ్చింది. ఈసారి చదివింది చదివినట్టు చెప్పి ఊరుకున్నాను.

"శుభ్రంగా అనే మాట యాడన్నా ఉండాదా దాంట్లో?" అని అనుమానంగా అడిగింది.

"లేదక్కా."

"అయితే సరే," అని, ముత్యాలమ్మకు ఫోన్ కలిపించి నా సెల్లు లాక్కుంది. కూతురితో మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చింది. నాకూ ఆగలేదు.

ఆ తర్వాతి ఉగాదికి ఆమె తన ఇంటికి సున్నం కొట్టుకుంది. మహలు దగ్గరికి మాత్రం చెంబుతో వచ్చి, గడప మీద నీళ్ళు చల్లి, తాళం తీసింది. నేను కొత్త జంటతో అప్పటికే మెట్ల మీద ఉన్నాను. ఆమె వాళ్ళను లోపలికి తీసుకుపోయి, రాణి కూచున్న చోటు, చిలకలకు జామపండ్లు పెట్టిన చోటు, వెలిసిన ఎర్రగీత అన్నీ చూపించింది. బయటికి వస్తూ పెళ్ళికూతురు తలుపు వెనక జానెడు సున్నం, జాజు చూసి, "ఇది గూడా రాణిదేనా అవ్వా?" అని అడిగింది.

"కాదు తల్లీ," అంది కుళ్ళాయమ్మ. "అది నాది."